మీ పిల్లల కరాటే వీడియో ఎవరెవరు చూస్తున్నారు?

ఫలక్‌నుమా నుంచి ఒక తల్లి ఇలా రాశారు:

"డాక్టరు గారికి నమస్కారాలు. మా అమ్మాయికి పదకొండేళ్ళు. రెండేళ్ళుగా మా బస్తీలోనే సాయంత్రంపూట కరాటే నేర్చుకుంటోంది. అంతకుముందు నీరసంగా, బిడియంగా ఉండేది. కరాటేలో చేరాక ఆకలి, నిద్ర, చదువు అన్నీ కుదుటపడ్డాయి. పోయిన నెలలో బెల్టు పరీక్ష పాసైంది. సంతోషం పట్టలేక ఆ వీడియో నా ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టాను. బంధువులు చూస్తారనుకుంటే వేలమంది చూశారు. ఎవరో తెలియనివాళ్ళు పిల్ల కాళ్ళ గురించీ, ఒంటి గురించీ రాయరాని రాతలు రాశారు. నా ఫోను పిల్ల చేతిలో ఉన్నప్పుడు ఒకడు, తానూ కోచ్‌నేననీ, ఇంకా వీడియోలు తీసి పంపమనీ మెసేజి పెట్టాడు. అప్పటినుంచి పిల్ల సరిగా తినడం లేదు, క్లాసుకు వెళ్ళనంటోంది. మావారు కరాటే మాన్పించేద్దామంటున్నారు. నేను చేసింది తప్పా? ఇప్పుడేం చెయ్యాలి?"

ఇలాంటి సందేహం ఈ ఒక్క తల్లిది మాత్రమే కాదు. కరాటే, టైక్వాండో, కుంగ్‌ఫూ, కుస్తీ, కర్రసాము నేర్చుకునే పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఈనాడు వీడియోలు తీస్తూనే ఉన్నారు. అందుచేత ఈ వారం ఈ సంగతి కాస్త వివరంగా మాట్లాడుకుందాం.

కరాటే మాన్పించవద్దు

అన్నిటికన్నా ముందు చెప్పవలసిన మాట ఇది. అమ్మాయి చేత కరాటే మాన్పించకండి. తప్పు చేసినవాడు ఎక్కడో కూర్చున్న అపరిచితుడు. శిక్ష పడేది మాత్రం పిల్లకా? ఒకసారి అలా జరిగితే, "అమ్మకు చెబితే ఉన్న ఆట కూడా పోతుంది" అన్న పాఠం పిల్ల మనస్సులో నాటుకుపోతుంది. రేపు ఇంతకంటె పెద్ద ప్రమాదం వచ్చినా నోరు విప్పదు. పిల్లల్ని వేధించేవాళ్ళకు కావలసింది సరిగ్గా ఆ మౌనమే.

పైగా ఈ వ్యాయామం వల్ల కలిగే మేలు చిన్నది కాదు. కండరాలకు బలం, కీళ్ళకు సాగుడు, ఒంటికి నిలకడ, మనస్సుకు ధైర్యం వస్తాయి. హైదరాబాదుకు చెందిన సయ్యదా ఫలక్ కరాటేలో అంతర్జాతీయ పోటీలదాకా వెళ్ళారు. నిజామాబాదు అమ్మాయి నిఖత్ జరీన్ 2022లోనూ, 2023లోనూ బాక్సింగులో ప్రపంచ ఛాంపియన్ అయ్యారు. వారిని చూసి ఎందరో తల్లిదండ్రులు ఆడపిల్లలను ధైర్యంగా ఆటలకు పంపుతున్నారు. ఆ ధైర్యాన్ని ఎవడో రాసిన చెత్త రాతకు బలిచేయకూడదు.

ఇక "నేను చేసింది తప్పా?" అన్న ప్రశ్న. బిడ్డ విజయాన్ని నలుగురికీ చూపించాలనుకోవడం తప్పు కాదు. అయితే ఆ నలుగురూ ఎవరో మీరు ఎంచుకోవాలి. మీరు ఎంచుకోకపోతే మరెవరో ఎంచుకుంటారు. అసలు జాగ్రత్త పడవలసింది ఇక్కడే.

వీడియో ఎటు పోతుంది?

ఇంటి ఆల్బంలోని ఫోటో ఇంటికి వచ్చినవారికే కనబడుతుంది. అందరికీ తెరిచిపెట్టిన వీడియో సంగతి అలా కాదు. ఒక మనిషి ఏ రకం వీడియోలు ఎక్కువసేపు చూస్తున్నాడో యంత్రం గమనించి, అలాంటివే మరికొన్ని తెచ్చి అతని ముందు పెడుతుంది. చూస్తున్నది మేనమామా, దుర్మార్గుడా అన్నది యంత్రానికి తెలియదు.

2019లో యూట్యూబ్‌లో సరిగ్గా ఇదే బయటపడింది. పిల్లల జిమ్నాస్టిక్స్, ఈత, ఆటల వీడియోల కింద కొందరు మగవాళ్ళు, ఏ నిమిషంలో పిల్ల ఒళ్ళు ఎలా కనబడుతుందో గుర్తులు రాసి ఒకరికొకరు చూపించుకుంటున్నారని తేలింది. పెద్ద కంపెనీలు తమ ప్రకటనలు ఆపేశాయి. ఆ ఏడాది ఫిబ్రవరి నెలాఖరులో యూట్యూబ్, పిల్లలు కనబడే చాలా వీడియోల కింద వ్యాఖ్యలు రాసే వీలును తీసివేసింది. జూన్‌లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక బ్రెజిల్‌లోని ఒక తల్లి గోడు ప్రచురించింది. పదేళ్ళ కూతురు స్నేహితురాలితో పెరటి నీటితొట్టిలో ఆడుకున్న మామూలు వీడియోను కొద్ది రోజుల్లో నాలుగు లక్షల సార్లు చూశారు. ఆ వీడియోలో అశ్లీలం ఏమీ లేదు. దాన్ని చూపించవలసినవాళ్ళకు కాక మరెవరికో యంత్రం చూపించింది, అంతే.

కరాటేలో కాళ్ళు పైకెత్తి తన్నడం, కాళ్ళు చాపి ఒళ్ళు సాగదీయడం, కుస్తీలో నేలమీద పట్లు పట్టడం ఉంటాయి. మీకు అందులో నైపుణ్యం కనబడుతుంది. చెడు బుద్ధితో చూసేవాడు అందులోంచి రెండు సెకన్ల ముక్క కత్తిరించుకుంటాడు. ఇప్పుడు కృత్రిమ మేధ సాధనాలతో మామూలు ఫోటోనుంచి అశ్లీల చిత్రం తయారుచేయడం కూడా సాధ్యమవుతోంది. ఇది ఆడపిల్లల బాధ మాత్రమే అనుకోవడం పొరపాటు. మగపిల్లలూ ఈ వలలో పడుతున్నారు. వాళ్ళు సిగ్గుతో మరీ ఆలస్యంగా చెబుతారు.

వెనుక ఏం కనబడుతోంది?

మీరు పెట్టిన వీడియోను ఒకసారి పరాయివాడి కళ్ళతో చూడండి. పిల్లను వదిలేసి వెనుకవైపు చూడండి. కొండమీది ఫలక్‌నుమా ప్యాలెస్ కనబడుతోందా? అది ఏ వైపునుంచి కనబడుతోందో చూసి, ఏ మేడమీద తీశారో ఈ ప్రాంతం తెలిసినవాడు ఇట్టే పోల్చుకోగలడు. ఇంజన్‌బౌలిలోనో, జహానుమాలోనో ఉన్న దుకాణం బోర్డు, రైల్వేస్టేషను పేరు, స్కూలు యూనిఫారం మీది గుర్తు, మీ స్కూటరు నంబరు, వీటిలో ఏ ఒక్కటైనా చాలు.

వీడియో కింద ఏం రాశారో కూడా చూడండి. "మా పాప, ఐదో తరగతి, ఫలానా స్కూలు, రోజూ సాయంత్రం ఆరింటికి ప్రాక్టీసు" అని రాస్తే పిల్ల పేరు, వయస్సు, చోటు, వేళ అన్నీ మనమే చేతికి ఇచ్చినట్టు. వీధిలో నిలబడి మైకులో ఈ వివరాలు చదవమంటే ఏ తల్లీ చదవదు కదా!

స్నేహం నటించేవాళ్ళు

మీ అమ్మాయికి మెసేజి పెట్టినవాడి పద్ధతిని గమనించండి. ఇది చాలావరకు ఒకే వరుసలో సాగుతుంది. మొదట పొగడ్త. తరువాత, తానూ కోచ్‌ననో, ఆటగాణ్ణనో, టీమ్‌లోకి ఎంపిక చేస్తాననో మాట. ఆ తరువాత రీఛార్జి, గేమ్ నాణేలు, బెల్టు లాంటి కానుకలు. ఆపైన "మీ అమ్మకు చెప్పకు" అనే రహస్యం. అప్పుడు "నీ కండరాలు చూడాలి, డ్రస్సు లేకుండా ఫోటో పంపు" అంటాడు. ఆ ఫోటో చేతికి చిక్కాక బెదిరింపు.

ఈ వరుసను పిల్లలకు ముందే చెప్పండి. భయపెట్టినట్టు చెప్పకూడదు. రోడ్డు దాటడం నేర్పినట్టు మామూలుగా చెప్పాలి. "అమ్మకు చెప్పవద్దు అని ఏ పెద్దవాళ్ళన్నా, ఆ మాటే ముందు అమ్మకు చెప్పు" అన్న ఒక్క సూత్రం ఏడేళ్ళ పిల్లకైనా అర్థమవుతుంది. ఇంకో మాట. ఈ పనులు చేసేవాడు ఎప్పుడూ దూరంగానే ఉంటాడనుకోకండి. తెలిసినవాడు, బంధువు, శిక్షణ ఇచ్చేవాడు కూడా కావచ్చు.

పిల్లల్లో కనబడే లక్షణాలు

మనస్సులో బాధ పడుతున్న పిల్లలు తరచుగా ఆ మాట నోటితో చెప్పరు. ఒళ్ళే చెబుతుంది. కారణం తెలియని కడుపునొప్పి, తలనొప్పి, ఆకలి మందగించడం, రాత్రిళ్ళు ఉలిక్కిపడి లేవడం, మానేసిన పక్కతడుపు మళ్ళీ మొదలుకావడం, ఇష్టమైన క్లాసు వద్దనడం, ఫోను మోగితే కంగారు, మనం దగ్గరకు వెళ్ళగానే ఫోను దాచేయడం, ఎక్కడినుంచి వచ్చాయో చెప్పలేని డబ్బులు, వస్తువులు. వీటిలో ఏ ఒక్కటి చూసినా ఏదో జరిగిపోయిందని అనుకోనక్కరలేదు. కాని రెండు మూడు కలిసి కనబడినా, రెండు వారాలకు మించి ఉన్నా, నెమ్మదిగా అడగాలి. పిల్లల వైద్యునికీ చూపించాలి. తనకు బతకాలని లేదని పిల్ల ఏ రూపంలో అన్నా, తనను తాను గాయపరచుకున్నా ఒక్క రోజు కూడా ఆగకూడదు. మానసిక ఆరోగ్య సలహాకు టెలిమానస్ వారి 14416 నంబరుకు ఏ వేళనైనా ఫోను చేయవచ్చు.

గొప్ప కోసం గాయాలు

వీడియోల మోజువల్ల వచ్చే మరో చిక్కు, చూపరుల కోసం చేసే సాహసాలు. తలతో పెంకులు పగలగొట్టడం, మండుతున్న పెంకుల్ని గుద్దడం, చేతులమీదుగా మోటారుసైకిలు నడిపించుకోవడం లాంటివి పిల్లల చేత చేయించి వీడియోలు తీస్తున్నారు. కోడి రామమూర్తి నాయుడు గారు ఛాతీమీద ఏనుగును ఎక్కించుకున్నారని మన పెద్దలు చెప్పుకునేవారు. ఆయన ఏళ్ళ తరబడి సాధన చేసిన పెద్ద మనిషి, వృత్తిగా సర్కసు నడిపినవారు. పదేళ్ళ పిల్లవాడి ఒళ్ళు వేరు. పిల్లల ఎముకల చివర్లలో, ఎముక పొడుగు పెరగడానికి తోడ్పడే మృదులాస్థి ఉంటుంది. అక్కడ గట్టి దెబ్బ తగిలితే ఆ ఎముక వంకరగానో పొట్టిగానో పెరగవచ్చు. తలకు తగిలే దెబ్బ సంగతి చెప్పనే అక్కరలేదు.

అమెరికాలోని పిల్లల వైద్యుల సంఘం 2016లో పోరాట విద్యలమీద ఒక నివేదిక ఇచ్చింది. దెబ్బలు లేకుండా కదలికలు నేర్చుకునే పద్ధతిలో గాయాలు తక్కువనీ, తలకు దెబ్బ తగిలే పోటీలకు పిల్లల్ని ప్రోత్సహించకూడదనీ, టీవీలో, తెరమీద చూసిన ఫైట్లను అనుకరించడం ప్రమాదమని పిల్లలకు చెప్పాలనీ అందులో ఉంది. లైకుల కోసం కాక మంచి ఆరోగ్యం కోసం నేర్చుకుంటున్నామన్న సంగతి ఇంట్లో అప్పుడప్పుడూ గుర్తుచేయాలి.

వీడియో తీయాలనుకుంటే పాటించవలసినవి

1. ముందు పిల్లను అడగండి. వద్దంటే మానేయండి. "వద్దు" అన్న మాటకు ఇంట్లో విలువ ఉంటేనే, బయట కూడా ఆ మాట గట్టిగా అనగలుగుతుంది.

2. దగ్గరి బంధువులకు విడిగా పంపండి. అందరికీ తెరిచిన అకౌంటులో పెట్టకండి. వాట్సాప్ స్టేటస్ ఎవరెవరికి కనబడుతోందో సెట్టింగులో చూసుకోండి. పంపినవారిని ఇంకెవరికీ పంపవద్దని కోరండి.

3. దూరంనుంచి, పూర్తి యూనిఫారంలో, నలుగురు పిల్లలతో కలిపి తీసినది మేలు. ఒంటిని దగ్గరగా చూపేవి, ఒళ్ళు సాగదీసేటప్పటివి, బరువు చూసేటప్పటివి, బట్టలు మార్చుకునే చోట తీసినవి ఎక్కడా పెట్టకూడదు.

4. పిల్ల పూర్తి పేరు, స్కూలు, క్లాసు వేళలు రాయకండి. ఫోను కెమెరాలో లొకేషన్ ఆపేయండి.

5. లైవ్ పెట్టకండి. పోటీ ముగిసి ఇంటికి చేరాక పెట్టినా ఆనందం తగ్గదు.

6. ఓడిపోయి ఏడుస్తున్న పిల్లనుగానీ, దెబ్బ తగిలి పడిపోయిన పిల్లనుగానీ వీడియోలో పెట్టవద్దు. అది మీకు ముద్దుగా కనబడవచ్చు. తోటిపిల్లల వెక్కిరింపు ఏళ్ళ తరబడి వెంటాడుతుంది.

7. పక్కింటి పిల్లలు వీడియోలో ఉంటే వారి తల్లిదండ్రుల అనుమతి లేకుండా పంచుకోకూడదు.

మాస్టరుగారితో మాట్లాడండి

చాలాసార్లు వీడియోలు పెట్టేది శిక్షణ సంస్థలే. కొత్త పిల్లలు చేరాలని పెడతారు. అందులో దురుద్దేశం లేకపోవచ్చు. అయినా ఫీజు కట్టేటప్పుడే నాలుగు సంగతులు అడగండి. వీడియో ఎవరు తీస్తారు? ఎక్కడ పెడతారు? మేం తీసేయమంటే తీసేస్తారా? పిల్లలకు విడిగా మెసేజీలు పెడతారా? జవాబులు కాగితంమీద ఉంటే ఇంకా మంచిది. కబుర్లన్నీ తల్లిదండ్రులున్న గ్రూపులోనే నడవాలి. క్లాసు జరుగుతుండగా మీరు ఎప్పుడైనా వచ్చి చూసే వీలుండాలి. మంచి గురువు ఈ ప్రశ్నలకు కోపం తెచ్చుకోడు. తెచ్చుకుంటే, మరో క్లాసు వెతుక్కోవడం మేలు.

జరగరానిది జరిగితే

మొదట పిల్లతో "నీ తప్పేం లేదు, నాకు చెప్పి మంచి పని చేశావు" అనండి. ఈ మాట మీరెన్నిసార్లు అంటే అంత మంచిది. తరువాత ఆ రాతలు, మెసేజీలు, పంపినవాడి పేరు, తేదీ కనబడేలా స్క్రీన్‌షాట్లు తీసి ఉంచండి. కంగారులో అన్నీ చెరిపేస్తే సాక్ష్యం పోతుంది. అశ్లీల చిత్రమే ఉంటే మాత్రం దాన్ని "చూడండి ఏం చేశాడో" అని ఎవరికీ పంపకండి. అలా పంపడం కూడా నేరమే. సాక్ష్యం భద్రపరిచాక వీడియో తీసేసి, ఆ మనిషిని బ్లాక్ చేసి, ఆ సంస్థకు రిపోర్టు చేయండి. అతనితో వాదించవద్దు, బెదిరించవద్దు, డబ్బు అడిగితే ఇవ్వవద్దు.

ఫిర్యాదుకు పిల్లల హెల్ప్‌లైన్ 1098, అత్యవసరమైతే 112, సైబర్ నేరాలకు 1930. కేంద్ర ప్రభుత్వ సైబర్ నేరాల పోర్టల్‌లో, పిల్లల అశ్లీల చిత్రాల గురించి మీ పేరు చెప్పకుండానే తెలియజేయవచ్చు. ఫోటో ఇప్పటికే పాకిపోయి ఉంటే 'టేక్ ఇట్ డౌన్' అనే ఉచిత సేవ ఉంది. ఫోటోను ఎవరికీ పంపనక్కరలేకుండానే దానికొక గుర్తు తయారుచేసి, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ లాంటి చోట్ల ఆపించడానికి అది పనికి వస్తుంది.

పోలీసులంటే పరువు పోతుందని చాలామంది జంకుతారు. 2012 నాటి పోక్సో చట్టం పిల్లల కోసమే వచ్చింది. లైంగిక ఉద్దేశంతో పిల్లల్ని ఫోనులో పదే పదే వెంటాడడం ఆ చట్టం కింద శిక్షార్హమే. పిల్ల చెప్పేది ఇంట్లోనో, తనకు ఇష్టమైన చోటో రాసుకోవాలి. సాధ్యమైనంతవరకు మహిళా అధికారి, అదీ యూనిఫారం లేకుండా వచ్చి రాసుకోవాలి. పిల్ల పేరు, వివరాలు పత్రికల్లో రాకూడదు. పిల్లల అశ్లీల చిత్రాలను ఫోనులో దాచుకోవడం, చూడడం కూడా ఉపేక్షించదగినవి కావని సుప్రీంకోర్టు 2024 సెప్టెంబరు 23న స్పష్టంగా చెప్పింది.

ఫలక్‌నుమా సోదరికి: ఈ పనులు ఈరోజే చేయండి. అమ్మాయిని క్లాసుకు ఒక వారం మీరే తీసుకువెళ్ళి, ముగిసేదాకా కూర్చోండి. చాలామంది పిల్లలు అమ్మ పక్కన ఉంటే త్వరలోనే తేరుకుంటారు. తిండి, నిద్ర రెండు వారాల్లో సర్దుకోకపోతే వైద్యుణ్ణి కలవండి.

ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: మా అబ్బాయికి 14 ఏళ్ళు. సొంతంగా టైక్వాండో ఛానెలు పెడతానంటున్నాడు. ఒప్పుకోవచ్చా? – ఒక తండ్రి, సంగారెడ్డి

జవాబు: ఒక్కమాటలో కాదంటే దొంగచాటుగా పెడతాడు. మీ పేరుమీద, మీ చేతిలో తాళం ఉండేలా, వ్యాఖ్యలు మూసి పెట్టనివ్వండి. పాఠం చెప్పే వీడియోలో ముఖంకన్నా అడుగులు, చేతుల కదలిక ముఖ్యం కాబట్టి అవే చూపించవచ్చు. 2025 జులై నుంచి యూట్యూబ్‌లో 16 ఏళ్ళలోపువారు ఒంటరిగా లైవ్ పెట్టడానికి వీలులేదు. ఇన్‌స్టాగ్రామ్‌లో పిల్లల అకౌంట్లకు ఉన్న కట్టుబాట్లు 2025 ఫిబ్రవరి నుంచి మన దేశంలోనూ అమలుకు వచ్చాయి. అసలు వయస్సు దాచి అకౌంటు తెరిస్తే ఆ రక్షణ ఉండదు.

ప్రశ్న: వీడియోకి ఒప్పుకోకపోతే మా పాపను పోటీలకు పంపనని శిక్షకుడు అంటున్నాడు. – ఒక గృహిణి, గుంటూరు

జవాబు: పోటీకి కావలసింది పాప ఆట, ప్రచారం కాదు. మిగతా తల్లిదండ్రులను కలుపుకుని అడగండి. ఒక్కరు అడిగితే గొడవ అంటారు, పదిమంది అడిగితే పద్ధతి అవుతుంది.

ప్రశ్న: ప్రాక్టీసులో మా వాడు వెల్లకిలా పడి తలకు దెబ్బ తగిలింది. ఒకసారి వాంతి అయింది, ఇప్పుడు బాగానే ఉన్నాడు. పడినప్పటి వీడియో ఉంది. దాన్ని చెరిపేయమంటారా? – ఒక తల్లి, నల్లగొండ

జవాబు: చెరపకండి. ఎలా పడ్డాడో, ఎంతసేపు లేవలేదో ఆ వీడియో వైద్యునికి బాగా తెలియజేస్తుంది. వీడియో నిజంగా ఉపయోగపడేది ఇలాంటప్పుడే. అబ్బాయి బాగానే ఉన్నట్టు కనబడినా ఈరోజే చూపించండి. వైద్యుడు సరేననేవరకు ఆటలోకి దింపవద్దు. మళ్ళీ మళ్ళీ వాంతులు, ఎక్కువవుతున్న తలనొప్పి, మత్తు, మాట తడబాటు, ఫిట్స్, ఒక కంటిపాప పెద్దదిగా కనబడడం, వీటిలో ఏదున్నా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.